రొయ్య రేటు ఎవరి చేతిలో?

భీమవరం పరిసరాల్లో చెరువు గట్టున రొయ్య ధర అడిగితే ముందు కౌంటు చెబుతారు. కిలోకు ముప్ఫై తూగితే ఒక రేటు, వంద తూగితే ఇంకొకటి. ఆ రేటు మాత్రం గట్టున పుట్టదు. అమెరికాలో ఆర్డర్లు, సుంకం, డాలరు విలువ లెక్కవేసి, తన లాభం మినహాయించుకున్నాక ఎగుమతిదారు ఇచ్చేదే రైతుకు దక్కేది.

వనామీ రకం రొయ్య పుట్టుకే పరాయిది. 2009లో కేంద్రం సాగుకు అనుమతిచ్చాక హవాయి, ఫ్లోరిడాల నుంచి తల్లి రొయ్యలు విమానాల్లో దిగుతున్నాయి. చెన్నైలో క్వారంటైన్ దాటి హ్యాచరీలకు చేరతాయి. వాటి పిల్లలు మన చెరువుల్లో ఎదిగి, మరే దేశం కన్నా ఎక్కువగా అమెరికాకే పోతాయి. ఈ రాకపోకల మీద మేత మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, ఏరియేటర్ల మెకానిక్కులు, పట్టుబడి కూలీలు, లారీ డ్రైవర్లు బతుకుతున్నారు. 2024-25లో దేశం నుంచి వెళ్లిన మత్స్య ఉత్పత్తుల విలువ రూ.62,408 కోట్లు. సింహభాగం రొయ్యలదే.

మనకు పోటీ అయిన ఈక్వెడార్ అమెరికాకు మనకంటే ఎంతో దగ్గర. అయినా తల తీసి, పొట్టు వొలిచి, వీపున నల్లనరం లాగేసిన రొయ్య కావాలంటే అమెరికా మనవైపే చూసింది. అది తక్కువ కూలికి దొరికే చేతుల చలవ. చల్లటి హాల్లో, మంచునీళ్లకు వేళ్లు మొద్దుబారుతుంటే గంటల తరబడి నిలబడి వొలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలాచోట్ల కూలి కిలోల లెక్కన. సరుకు రాని రోజు కూలి లేదు.

2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించగానే, అవి పూర్తిగా అమల్లోకి రాకముందే ఇక్కడ రేటు పడిపోయింది. ఆగస్టు 27 నాటికి మన సరుకుపై సుంకం 50 శాతమైంది. అప్పుడు ఈక్వెడార్‌పై 15 శాతమే. అప్పటికే చెరువులో ఉన్న రొయ్యకు మేత ఆపలేరు, ఏరియేటర్లు కట్టేయలేరు. లాభాలొచ్చినప్పుడు అందరికన్నా ఆఖరున అందేది రైతుకూ కూలీకీ. దెబ్బ తగిలితే ముందు పడేది వాళ్లమీదే.

ప్రపంచ వాణిజ్యం ఉపాధి తెచ్చిందన్నది నిజం. అందుకే దాన్ని వద్దనడంలో అర్థం లేదు. అయితే రేటు పడినప్పుడు మేత ధర కూడా దిగేలా, ఎగుమతిదారు కొంత నష్టం భరించేలా ముందే ఒప్పందం ఉండాలి. పనిలేని రోజులకు కూలీలకు కనీస భృతి ఉండాలి. సుంకం పెరిగిన ప్రతిసారీ రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి లేఖ రాసి ఊరుకుంటే, వచ్చే పంటకు సీడ్ వేసే ధైర్యం రైతుకు ఎక్కడినుంచి వస్తుంది?