పంపు మోసేవారి కాలేయం

మిరప తోటలోనో పత్తి చేనులోనో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఆస్పత్రికి తెస్తే, వైద్యులు ముందు చూసేది నరాల మీద విషం చేసిన దాడినే. నోట నురగ, ఒళ్లంతా చెమట, చిన్నవైపోయిన కంటిపాపలు, అందని ఊపిరి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు పనిచేసే తీరు అది; వెంటనే అట్రోపిన్ ఎక్కించడం సరైనదే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 20 మందికి పైగా రైతులు, కూలీలు పిచికారీ విషానికి బలైనప్పుడు దేశం చూసిందీ ఈ రూపాన్నే. చావు దాకా రాకుండా ఏటా కొద్దికొద్దిగా ఒంట్లో చేరే విషం ఏం చేస్తోందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. దానికి జవాబు వెతకాల్సిన చోట్లలో మొదటిది కాలేయం.

క్లోరిపైరిఫాస్‌నే తీసుకోండి, అదీ ఆర్గానోఫాస్ఫేట్ మందే. కాలేయంలోని ఎంజైములు దాన్ని ఆక్సాన్‌గా మార్చిన తర్వాతే అది అసలు విషమవుతుంది. ఆ ఆక్సాన్‌ను విరగ్గొట్టే పారాక్సొనేజ్ కూడా కాలేయం తయారుచేసేదే. విషానికి పదును పెట్టేదీ, ఆ పదును తీసేదీ ఒకే అవయవమన్నమాట. ఈ పనిలో కాలేయ కణాలు దెబ్బతింటాయని జంతువులపై ప్రయోగాలు చూపాయి. గడ్డిమందు పారాక్వాట్ తాగినవారిలో మూత్రపిండాలతో పాటు కాలేయమూ చెడి కామెర్లు రావడం వైద్యులు ఎరిగిందే. దానికి విరుగుడు లేదు. చేలో విషం ఎక్కువగా చర్మం గుండా ఒంట్లోకి పోతుంది: కారే డబ్బా, తడిసిన వీపు, మందు కలిపే ఆడవాళ్ల ముంజేతులు. కాలేయమేమో చాలా ఓర్పున్న అవయవం. ఆరోగ్యంగా ఉంటే మూడింట రెండు వంతులు కోసి తీసేసినా మిగిలినది పని నెట్టుకొస్తూ మళ్లీ పెరుగుతుంది. అందుకే బాధ బయటపడేసరికి నష్టం చాలా దూరం వెళ్లి ఉంటుంది.

ఇదంతా తాగుడు వల్లేనని కొందరంటారు. మనుషుల మీద జరిగిన అధ్యయనాలు ఎక్కువగా సంబంధాన్ని చూపేవే తప్ప కారణాన్ని తేల్చినవి కావన్నది కూడా నిజమే. కానీ మద్యం, పురుగుమందు రెండూ ఒకే అవయవం మీద బరువు మోపుతున్నప్పుడు మొదటిదాన్ని చూసి రెండోదాన్ని వదిలేయడం శాస్త్రం కాదు. పైగా విషప్రభావాన్ని పట్టడానికి రక్తంలో కొలిచే సీరం కోలినెస్టరేజ్‌ను తయారుచేసేదీ కాలేయమే. కాలేయం పాడైనా ఆ విలువ తగ్గుతుంది. ఆ ఒక్క పరీక్షతో విషాన్నీ జబ్బునూ విడదీయలేం. సీజన్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి లివర్ పరీక్ష చేస్తే ఆ మనిషికి ఆ మనిషే కొలమానం అవుతాడు. తాగే అలవాటు ఏడాది పొడవునా పెద్దగా మారకుండా, పిచికారీ నెలల్లోనే రక్తంలో కాలేయ ఎంజైములు పెరుగుతుంటే అనుమానం ఎటు పోవాలో వేరే చెప్పాలా?

ఈ ఆలోచన కొత్తది కాదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు ఈ మందులతో పనిచేసేవారికి పనిలో చేరేముందు, ఆ తర్వాత నిర్ణీత గడువుల్లో వైద్య పరీక్షలు జరగాలన్నాయి. అయితే 1968 పురుగుమందుల చట్టంలోని 38వ సెక్షన్ సొంత సాగులోని భూమిలో వాడకాన్ని చట్టం పరిధి నుంచే తప్పించింది. ఫ్యాక్టరీ కార్మికుడికి దక్కిన రక్షణ, తన రెండెకరాల్లో అదే మందు కొట్టుకునే కౌలు రైతుకు లేదు. రైతును తనిఖీల వేధింపుల నుంచి కాపాడటానికి ఆ మినహాయింపు అవసరమే కావచ్చు. దాన్ని అలాగే ఉంచి, పరీక్షను బాధ్యతగా కాక హక్కుగా ఇవ్వవచ్చు.

ఖర్చు మాటకొస్తే, తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఈ రక్తపరీక్షలు ఇప్పటికే ఉచితం. విషప్రయోగ కేసులను తప్పనిసరిగా తెలియజేయాలని ఆదేశించే అధికారం అదే చట్టంలోని 26వ సెక్షన్ కింద రాష్ట్రాలకు ఉంది. మిరప, పత్తి ఎక్కువగా పండే ఒక్క మండలంలో వరుసగా మూడు సీజన్లు ఈ పరీక్షలు చేసి చూసినా ఎంతో తేలుతుంది. ఏ మందు, ఎన్నిసార్లు కొట్టారో మాత్రం పరీక్ష చీటీ మీద రాయాలి. ఆ వివరం లేని రిపోర్టు మళ్లీ తాగుడు ఖాతాలోకే పోతుంది.