పేరుకే ఆల్ సీజన్

జనవరిలో ఓ రోజు తెల్లారి ఆరింటికి ఫోను మోగింది. రాజాంలో ఇంకా పొగమంచు విడలేదు. అక్కడ మిషిగన్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. మా అప్ప కొడుకు. "మావా, అమ్మకి సెప్పకు. కారు జారిపోనాది. నాను బాగానే ఉన్నాను" అన్నాడు. బాగానే ఉండడమంటే భుజం ఎముక విరగడం, కారు మూతి కరెంటు స్తంభానికి చుట్టుకుపోవడం. ఎర్రలైటు చూసి దూరాన్నుంచే బ్రేకు తొక్కాడట. పెడలు కాలి కింద టకటకలాడిందట. కారు మాత్రం ఆగలేదు.

"టైర్లేటిరా?" అనడిగాను.

"ఆల్ సీజనే మావా. కారుతో వచ్చినవే. అన్ని కాలాలకీ పనికొస్తాయన్నారు."

ఎవరన్నారు? పాత కారు అమ్మినవాడు అన్నాడు. గదిలో ఉండే సీనియర్లు అన్నారు. మంచు పడితే ఏంటి సంగతి అని వీడు అడిగితే "ఏటీ అవదులే, మేం రెండేళ్లుగా వీటిమీదే తిరుగుతున్నాం" అన్నారట. ఆ "ఏటీ అవదులే" విన్నప్పట్నుంచి నా ఒళ్లు మండుతోంది.

మా నాన్నది పాలకొండ రోడ్డులో పంచర్ల కొట్టు. టైరు గాడిలో బొటనవేలు పెట్టి ఇంకెంత ఆయుష్షుందో చెప్పేవాడు. ఆయన మంచు చూడలేదు గానీ రబ్బరు సంగతి ఆయనకు తెలుసు. జనవరిలో మన ఇళ్లల్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోతుంది కదా, ఎండలో పెడితేగానీ తలకు రాసుకోలేం. రబ్బరు గుణమూ అలాంటిదే. ఎండాకాలానికీ వానకూ సరిపడేలా కలిపిన రబ్బరు, చలి 7 డిగ్రీలకు దిగిందంటే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. సున్నా దాటి ఇంకా కిందికి పోతే రోడ్డును పట్టుకోవాల్సిన టైరు చెక్కలా దొర్లుతుంది. చలికాలపు టైరుకు రబ్బరు పాకమే వేరు, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని బటన్ల నిండా బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లుంటాయి. ఆ గాట్ల అంచులు మంచును కరిచిపట్టుకుంటాయి.

మరి ఆల్ సీజన్ అన్న పేరో? సంతలో అమ్మే సర్వరోగనివారిణి లాంటిది. కొద్దిపాటి చలికి, వానకు, పల్చటి మంచుకు సర్దుకుపోయే రకం అది. పక్కన ఎం, ఎస్ అక్షరాలుంటాయి, బురద, మంచు అని వాటి అర్థం. ఆ అక్షరాలు వేయడానికి టైరును మంచుమీద నడిపి చూడాల్సిన పనే లేదు, గాళ్ల అమరిక ఫలానా లెక్కలో ఉంటే చాలు. నిజంగా మంచుమీద పరీక్ష నెగ్గిన టైరుకు వేరే గుర్తుంది. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు. 1999లో అమెరికా, కెనడా టైర్ల తయారీదార్లు తెచ్చిన గుర్తది. ఆల్ వెదర్ పేరుతో అమ్మే రకానికి ఆ గుర్తు ఉంటుంది. సీజన్‌కీ వెదర్‌కీ తేడా ఏంటో కొత్తగా విమానం దిగిన కుర్రాడికి చెప్పేదెవరు?

ఫోను పెట్టేశాక నేనే లెక్క వేసుకున్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి తారురోడ్డు మీద కారు పన్నెండు, పదిహేను మీటర్లలో ఆగుతుంది. అణిగిపోయిన మంచుమీద దాదాపు 50 మీటర్లు పోతుంది. గాజులా పేరుకున్న మంచుమీదైతే 100 మీటర్లకు అటూఇటూ. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొన్నాం కదా అని ధీమా పడేవాళ్లున్నారు. ఆ బలం బండిని కదల్చడానికే. ఆపాల్సింది టైరే.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. గాజుమంచు మీద ఎంత మంచి టైరైనా ఓడిపోవచ్చు. 2021 ఫిబ్రవరి 11న టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గర నూటముప్పైకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఆరుగురు పోయారు. అది మనవాళ్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడిన డాలస్ ప్రాంతం, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ కాసే చోటు. అలాంటి రోజున కారు తీయకపోవడమొక్కటే దారి. కానీ మిషిగన్‌లో అది ఒక్క రోజు ముచ్చట కాదు. నెలల తరబడి అదే రోడ్డు, అదే కాలేజీ, అదే పార్ట్‌టైం కొలువు.

క్యుబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైరు లేకుండా కారు తిప్పడం నేరం. ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఆ నిబంధన ఉంది. ఆస్ట్రియాలో ఐతే గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే దాన్ని చలికాలపు టైరుగానే లెక్కించరు. మన పిల్లలు పోయే మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్‌లలో అలాంటి నిర్బంధం లేదు. నీ ప్రాణం, నీ ఇష్టం. చట్టం అడగనప్పుడు అమ్మేవాడెందుకు చెబుతాడు?

వాడి సంగతి సరే. మనమేం చేశాం? రాజాంలో ఇంజనీరింగు కాలేజీ 1997లో వచ్చింది. అమెరికా మాట వినని వీధి ఇవాళ ఊళ్లో లేదు. అప్పు తెచ్చాం, పొలం తాకట్టు పెట్టాం, కన్సల్టెన్సీకి అడిగినంతా కట్టాం. ఆవకాయ సీలు వేయించాం, రెండు పెట్టెలూ తూకం చూసి మరీ సర్దాం. వీసా ఇంటర్వ్యూలో కన్నెటు పెట్టాలో, నవ్వెంత నవ్వాలో కూడా నేర్పించారు. మంచులో కారెలా ఆపాలో ఒక్కడూ నేర్పలేదు. పిల్లడు వెళ్లాక జీతమెంత అనడిగాం, కారు కొన్నాడంటే ఫొటో పంపమన్నాం. ఆ ఫొటో వీధంతా తిప్పాం. నేనూ తిప్పాను, పంచర్ల కొట్టువాడి కొడుకుని, టైర్ల వంక చూడకుండా.

ఎలా చూస్తాం? గుండు టైర్ల ఆటోలో పదిమందిని కుక్కుకుని, వానలో చీపురుపల్లి దాకా పోయొచ్చే ఊరు మనది. డ్రైవరునడిగితే "ఏటీ అవదు బాబూ" అంటాడు, మనం సర్దుకుని కూర్చుంటాం. ఆ మాటే మూటగట్టి పిల్లలతో పంపాం.

పిల్లడు పోయాక మాత్రం అందరం మేలుకుంటాం. గోఫండ్‌మీలో చందాలు, వాట్సాప్‌లో కన్నీళ్లు, శవం ఎప్పుడొస్తుందని ఫోన్లు. ఆ రోజున దగ్గరుండి సాయపడే తెలుగు సంఘాలకు దండం పెడతాను. కానీ ఆ చందాలో ఎన్నో వంతు పెడితే నాలుగు టైర్లొచ్చేవి? మా వాడు నవంబరులో ఆ డబ్బు మిగిలిందనుకున్నాడు. ఆస్పత్రి బిల్లు ఇంకా వాయిదాల్లో కడుతున్నాడు.

ఈ ఆదివారం మీవాడు వీడియోలో కనబడ్డప్పుడు, తిన్నావా అని అడిగాక, కిందికి దిగి నాలుగు టైర్ల పక్కలూ ఫోనులో చూపించమనండి. మూడు శిఖరాల కొండ, లోపల మంచుపువ్వు కనబడాలి. కనబడకపోతే డబ్బు పంపండి. "ఏటీ అవదులే" అంటే మాత్రం ఫోను పెట్టేయకండి.