ఏం నొక్కావమ్మా?

మన ఫీల్డులో ఉన్నవాళ్ళందరికీ ఆఫీసు ఉద్యోగం కాక ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. జీతం లేనిది. ఊళ్ళో అమ్మానాన్నల కంప్యూటరుకి, ఫోనుకి, టీవీకి, అప్పుడప్పుడూ పక్కింటివాళ్ళ ప్రింటరుకి కూడా మనమే సపోర్టు. "సాఫ్ట్‌వేరు కదా, నీకు తెలీదా?" అంటారు. నేను చేసేది జావాలో నాలుగు లైన్లు రాసి మూడు మీటింగులకి వెళ్ళడం, ప్రింటరు గురించి నాకూ మీకు తెలిసినంతే తెలుసు అంటే ఎవరు నమ్ముతారు?

ఆ రెండో ఉద్యోగంలో ఈమధ్య నేను ఘోరంగా ఫెయిలయ్యాను. సమస్య చిన్నదే, పరిష్కారానికి పట్టింది అయిదు నిమిషాలే. కానీ ఆ అయిదు నిమిషాల దగ్గరికి రావడానికి పదకొండు రోజులు తీసుకున్నాను. ఎందుకలా జరిగిందా అని ఆలోచిస్తే, ఇది నా ఒక్కడి జబ్బు కాదు, మనందరిదీ అనిపించింది. అందుకే ఈ గోల.

మా అమ్మ తెనాలిలో పిల్లలకి వీణ నేర్పుతుంది. 2020 లాక్‌డౌన్లో ఆన్‌లైన్‌కి మారింది. ఇప్పుడు డాలస్‌లో ముగ్గురు తెలుగు పిల్లలు తన దగ్గర నేర్చుకుంటున్నారు. మనకి శని, ఆదివారాలు పొద్దున్న ఆరింటికి క్లాసు. వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఏడున్నర. అయిదింటికే లేచి, స్నానం చేసి, శ్రుతి చూసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటుంది. అది తనకి డబ్బు విషయం ఒక్కటే కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఉగాదికి ముందు ఓ శుక్రవారం రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అమ్మ క్లాసు ప్రోగ్రాం కనెక్ట్ అవట్లేదు. బ్రౌజర్లో పేపర్ వస్తోంది, యూట్యూబ్ వస్తోంది, రైలు టికెట్లు కూడా చూశాను. ఆ క్లాసుదీ, కంప్యూటర్లో వాట్సాపూ మాత్రం రావట్లేదు. కింద మూల వైఫై గీతలు పోయి గ్లోబు బొమ్మొచ్చింది. నిన్న పండక్కని బూజు దులుపుతూ..."

"నాన్నా, ముందు రీస్టార్ట్ చెయ్యి," అన్నాను మధ్యలోనే. ఆ తర్వాత నేనడిగిన మొట్టమొదటి ప్రశ్న, "అమ్మ ఏమైనా నొక్కిందా?"

ఒక్కసారి నాన్న చెప్పింది మళ్ళీ చదవండి. ఏది పనిచేస్తోంది, ఏది పనిచేయట్లేదు, తెరమీద ఏం మార్పు కనిపిస్తోంది, ముందురోజు ఏం జరిగింది... ఇంత శుభ్రమైన బగ్ రిపోర్టు మా టీములో ఎవరైనా రాస్తే నేను ట్రీట్ ఇస్తాను. దాన్ని నేను సగంలో ఆపేసి, మన కులదేవతకి మొక్కించాను. రీస్టార్ట్.

తర్వాత మిగతా పూజలన్నీ జరిగాయి. రౌటర్ ఆపి పది లెక్కపెట్టి ఆన్ చేయడం. యాంటీవైరస్ ఆపడం. ప్రోగ్రాం తీసేసి మళ్ళీ వేయడం. ఈ చివరిది మరీ ఘోరం. బ్రౌజర్లోంచి దించిన ఇన్‌స్టాలరు మిగతా భాగాన్ని తనంతట తాను దించుకోవాలి, అదీ ఆగిపోయింది. అంటే ఉన్నదీ పోయింది. నేను హైదరాబాదు నుంచి చూద్దామని దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం తెరిపిస్తే అదీ కనెక్ట్ కాలేదు.

బ్రౌజర్లోంచే క్లాసు పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టాం. కానీ వీణ నాదాన్ని రొద అనుకుని నొక్కేసే సెట్టింగు ఒకటుంటుంది. ప్రోగ్రాంలో అయితే అది ఆపేసి ఉంచాం, బ్రౌజర్లో ఎక్కడుందో మాకు దొరకలేదు. మీటు వినపడుతుంది, ఆ వెనకాల సాగే గమకం వినపడదు. ఫోన్లో పెడితే పిల్లల వేళ్ళు ఏ మెట్టు మీద ఉన్నాయో అమ్మకి కనపడదు. రెండు క్లాసులు అలాగే నెట్టుకొచ్చాక, ఓ పిల్ల తల్లి "టీచర్ గారూ, సెట్ అయ్యాక మొదలుపెడదాం లెండి" అని మర్యాదగానే చెప్పింది.

ఈలోగా ఊళ్ళో కంప్యూటర్ షాపతను వచ్చి చూసి "వైరస్సండీ, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. నేను సరే అన్నాను! ఇంజనీరింగ్ చదివి, ఆరేళ్ళుగా ఇదే ఫీల్డులో ఉండి, సరే అన్నాను. ఆ హార్డ్ డిస్కులో అమ్మ రికార్డు చేసుకున్న పాఠాలు ఉన్నాయి. వాటి బ్యాకప్ సంగతి అడగాలని కూడా నాకు తట్టలేదు.

అప్పుడు అమ్మ ఫోన్ తీసుకుంది. "పోన్లేరా, నీకు ఆఫీసు పనుంటుంది. నేనే ఏదో నొక్కేసుంటాను. ఇంక ఈ క్లాసులు మానేస్తాలే, అందరికీ ఇబ్బంది."

అక్కడ ఆగాను. ఫార్మాట్ వద్దని చెప్పి, ఫోన్ పక్కన పెట్టి, కాగితం తీసుకుని, మొదటిరోజు చెయ్యాల్సిన పని పదకొండో రోజు చేశాను. వచ్చేవి ఒక పక్క, రానివి ఒక పక్క రాశాను.

అదే వైఫై మీద ఫోన్లలో అన్నీ వస్తున్నాయి. అంటే లైనూ రౌటరూ బాగానే ఉన్నాయి, గొడవ ఆ కంప్యూటర్లోనే. కంప్యూటర్లో బ్రౌజర్ ఒక్కటే వస్తోంది, మిగతావేవీ రావట్లేదు. అంటే బ్రౌజర్ చేస్తున్నదీ మిగతావి చేయనిదీ ఏదో ఉంది. నాన్నచేత నల్లతెర తెరిపించి, పింగ్ 8.8.8.8 కొట్టించాను. జవాబు వచ్చింది. అంకె బదులు ఏదైనా సైటు పేరుతో పింగ్ కొట్టమన్నాను. "హోస్టు దొరకలేదంటోంది," అన్నాడు. అంకెలతో వెళ్తోంది, పేరుతో వెళ్ళట్లేదు. అంటే పేరుని అంకెగా మార్చే డీఎన్ఎస్ దగ్గర పోయింది. ఎన్ఎస్‌లుకప్ కొట్టించి, పైన ఏ సర్వర్ చూపిస్తోందో చదవమన్నాను.

"192.168.1.50. కింద టైమ్డ్ ఔట్ అంటోంది," అని చదివాడు నాన్న. ఒక క్షణం ఆగి, "ఒరేయ్, ఈ నంబరు నీ డబ్బా మీద అంటించిన చీటీలో ఉందిరా. అదే నేనారోజు చెప్పబోయాను, బూజు దులుపుతూ ఆ డబ్బా తీసి అటకెక్కించానని."

నా డబ్బా!

రెండేళ్ళ కిందట సెలవులకి వెళ్ళినప్పుడు ఒక రాస్‌బెర్రీ పై కొని, ప్రకటనలు రాకుండా అడ్డుకునే పై-హోల్ దాంట్లో వేసి, కంప్యూటరు డీఎన్ఎస్‌ని చేత్తో దానికి తిప్పింది నేనే. రెండో డీఎన్ఎస్ ఇస్తే ప్రకటనలు అటునుంచి దూరిపోతాయని ఆ గడి ఖాళీగా వదిలేసిందీ నేనే. ఇంకో సెలవులకి వెళ్ళినప్పుడు, ఏదో చదివిన ఉత్సాహంలో, బ్రౌజర్లో డీఎన్ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద నడిచేలా, 1.1.1.1 అని నేరుగా అంకెలతోనే పెట్టిందీ నేనే. దాంతో బ్రౌజర్ ఆ డబ్బాని అడగడమే మానేసింది. డబ్బా పెట్టిన ప్రయోజనం ఆరోజే సగం పోయింది, అది నేను గమనించను కూడా లేదు :) డబ్బా అటకెక్కగానే మిగతా ప్రోగ్రాములన్నీ దారి అడగడానికి మనిషి లేక నిలబడిపోయాయి. బ్రౌజర్‌కి మాత్రం సొంత గైడున్నాడు కాబట్టి దర్జాగా తిరుగుతోంది. విండోస్ కూడా నెట్ ఉందో లేదో చూసుకోవడానికి పేరుతోనే ఓ చిరునామా వెతుకుతుంది, అది దొరక్కే గ్లోబు బొమ్మ పెట్టింది. నాన్న ఆ సంగతి మొదటిరోజే చెప్పాడు.

డీఎన్ఎస్‌ని ఆటోమేటిక్‌కి మార్చాం. అన్నీ వచ్చేశాయి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం.

"బ్రౌజర్ వస్తోంది కదా, అయితే నెట్ బాగానే ఉంది" అనేది మన పాత లెక్క. ఆ లెక్కకి కాలం చెల్లింది. డీఎన్ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్‌లో పంపే పద్ధతి 2018లో ఆర్ఎఫ్‌సీ 8484గా వచ్చింది, ఇప్పుడు పెద్ద బ్రౌజర్లలో చాలావాటిలో ఉంది. ఐపీవీ6 దారి పాడైతే మెల్లిగా ఐపీవీ4కి జారుకునే తెలివి బ్రౌజర్లకి ఉంది, చాలా పాత ప్రోగ్రాములకి లేదు. ఫైర్‌ఫాక్స్‌కి ప్రాక్సీ సెట్టింగులు కూడా విడిగా పెట్టుకోవచ్చు. అంటే బ్రౌజర్ ఇప్పుడు మన కంప్యూటర్లోనే ఒక వేరు కాపురం. అది బాగుంటే ఇల్లంతా బాగున్నట్టు కాదు, అది బాలేకపోతే ఇల్లు కూలినట్టూ కాదు.

కొన్ని ప్రోగ్రాములే రావట్లేదంటే కారణాలు ఇంకా ఉన్నాయి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, సర్టిఫికెట్లు చెల్లవు. బ్రౌజరైతే గడియారం తప్పని చెప్తుంది, మిగతావి ఊరికే "కనెక్ట్ కాలేదు" అని ఊరుకుంటాయి. పీపీపీఓఈ లైనైతే 1500 బైట్ల ప్యాకెట్టులో 8 అదే తినేసి 1492 మిగులుతుంది. ప్యాకెట్టు పెద్దదైందని చెప్పే కబురుని దారిలో ఎవరైనా మింగేస్తే చిన్నవి వెళ్తాయి, పెద్దవి ఆగిపోతాయి. మెసేజి వెళ్తుంది ఫోటో వెళ్ళదు, వీపీఎన్ లాగిన్ అవుతుంది ఆ తర్వాత కదలదు. ఎప్పుడో ఆఫీసు కోసం పెట్టిన ప్రాక్సీ అలాగే ఉండిపోవచ్చు. యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ ఒక్క ప్రోగ్రాంనే పట్టుకుని ఆపొచ్చు. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఫార్మాట్ కొట్టి *అర్థం చేసుకోలేం*. వచ్చేవీ రానివీ పక్కపక్కన పెట్టి, తేడా ఏంటని అడిగితేనే దొరుకుతాయి.

"అంత టైమెక్కడుంది బాబూ, రీస్టార్టుతో చాలాసార్లు పోతుందిగా" అంటారా? పోతుంది, నిజమే. మొదటిసారి రీస్టార్ట్ చేయించడం తప్పని నేను అనను. రెండోసారి కూడా అదే చెప్పామంటే మాత్రం మనం ఆలోచించడం మానేశామని అర్థం. నేను టైం మిగుల్చుకుందామనుకుని పదకొండు రోజులు పోగొట్టాను.

కానీ టెక్నికల్ సంగతి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే మనం ఎంత మర్యాదగా ఉంటాం! పోస్ట్‌మార్టంలో ఎవరి పేరూ ఎత్తకూడదు, "ఏం మారింది?" అని అడగాలి, "ఎవరు చేశారు?" అనకూడదు. దానికి ట్రైనింగులు, స్లైడులు. అదే ఇంటి నుంచి ఫోన్ వస్తే మొదటి మాటే "ఏం నొక్కావమ్మా?" ఆ ప్రశ్నతో ఏమీ తెలియదు సరికదా, తెలిసేది కూడా ఆగిపోతుంది. నాన్న బూజు మాట మళ్ళీ ఎత్తకపోవడానికి కారణం అదే. తప్పు తమదేనని ముందే తేల్చేశాక సాక్ష్యం ఎవరు చెప్తారు? అమ్మయితే నొక్కని బటన్‌కి నేరం ఒప్పేసుకుని, ముప్ఫై ఏళ్ళ విద్యని పక్కన పెట్టడానికి సిద్ధపడింది. తప్పు చేసింది రెండేళ్ళ కిందటి నేను.

అందుకని నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ఇంట్లో నేను మార్చిన ప్రతి సెట్టింగూ తారీఖుతో సహా తెలుగులో కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన గోడకి అంటించాలి. నాకు సరదాగా ఉందని అమ్మానాన్నల ఇంటిని నా ప్రయోగశాల చేయకూడదు. రెండు, ఫోన్ రాగానే వాళ్ళు చెప్పేది మొత్తం వినాలి, చివరి వాక్యందాకా. ఆ తర్వాతే నా మొదటి ప్రశ్న, "ఏవి వస్తున్నాయి, ఏవి రావట్లేదు?"

ఆ శనివారం క్లాసు జరిగింది. అయ్యాక అమ్మ ఫోన్ చేసింది. పిల్లలు ఎంతవరకు వాయించారో చెప్పింది, ఎవరికి తాళం తప్పుతోందో చెప్పింది. పెట్టేసే ముందు, "అయితే నేనేం నొక్కలేదన్నమాట," అంది.

"లేదమ్మా. నేనే."

మీరు కూడా సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఏవైనా డబ్బాలు పెట్టొచ్చారా? ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.