కట్టుకథ ఎవరిని చూపి భయపెడుతోంది?



దయ్యాల నవలలు, మంత్రాల కథలు, వేరే గ్రహాల కథలు విశ్వాసుల ఇళ్ళలో ఉండవచ్చునా అన్న ప్రశ్న మన సంఘాలలో తరచుగా వినబడుతూనే ఉంటుంది. సెలవులకు బెంగుళూరు నుంచి వచ్చే పిల్లల సంచుల్లో ఇలాంటి పుస్తకాలు కనబడుతున్నాయి. వాటి మీద తీసిన సినిమాలు ఫోనుల్లో ఆడుతున్నాయి. కొందరు తలిదండ్రులు వాటిని పొయ్యిలో పెట్టమంటారు. మరికొందరు ఏదో ఒకటి చదువుతున్నాడు కదా అని ఊరుకుంటారు. ఈ రెండు పద్ధతులూ చాలవని మా అభిప్రాయం. పుస్తకాన్ని తెరిచి, తూచి, ఆ తరువాత మాట చెప్పాలి. అందుచేత ఈ నెల మూడు నవలలను తూచి చూద్దాం. ఒకటి మన తెలుగువాళ్ళను వణికించిన క్షుద్రశక్తుల నవల. రెండవది నీళ్ళు లేని గ్రహం కథ. మూడవది మన ఆంధ్ర కొబ్బరితోటలో మొదలై రాబోయే కాలంలోకి నడిచే కథ.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం అబద్ధం కాదా అని అడిగేవారున్నారు. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము గెరిజీము కొండమీద నిలబడి, చెట్లన్నీ కలిసి రాజును వెదుక్కున్న కథ చెప్పాడు. చెట్లు మాట్లాడవని షెకెమువారికి తెలియదా? తెలుసు. అయినా ఆ ముండ్లపొద ఎవరో వారికి వెంటనే అర్థమైంది. జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన ‘యాత్రికుని ప్రయాణము’ను మన పెద్దలు బైబిలు పక్కనే పెట్టుకుని చదివారు. అందులో రాక్షసుడున్నాడు, వాడి పేరు నిరాశ. వాడికొక కోట ఉంది, దాని పేరు సందేహం. ఆ కోట తలుపు తెరిచే తాళపుచెవి పేరు వాగ్దానం. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ చెరసాలలో పన్నెండేళ్ళు గడిపిన మనిషి రాసిన కథ అది. రాక్షసుడు ఉన్నంతమాత్రాన పుస్తకం చెడ్డదైతే మన అల్మారాలో నుంచి ముందు దాన్నే తీసివేయవలసి వస్తుంది.

కాబట్టి మా కొలబద్ద ఒక్కటే. పుస్తకం మూసిన తరువాత చదువరి ఎవరిని చూసి భయపడుతున్నాడు?

పక్కింటి మీద పడే నీడ

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980 దశకం తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారపత్రికలు అద్దెకిచ్చే బంకుల దగ్గర జనం కాచుకుని ఉండే రోజులవి. ‘తులసి’ అన్న పేరుతో దానికి తరువాయి నవల కూడా వచ్చింది. ఇన్నేళ్ళైనా ‘తులసిదళం’ అచ్చు ఆగలేదు. నిన్నటి పుస్తకమే అయినా ఈనాటి పిల్లలకూ అది కొత్తదే. అందుకే దీన్ని ఈ నెల తూకంలో చేర్చాము.

తులసి అనే పసిపిల్ల మీద ఆస్తికోసం కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. ఒకవైపు డాక్టర్లు, మానసిక చికిత్స తెలిసినవారు పాటుపడుతుంటారు. మరొకవైపు ఆ మాంత్రికుణ్ణి వెదుక్కుంటూ వెళ్ళేవారుంటారు. చివరికి బిడ్డను కాపాడింది వైద్యమా, మంత్రమా అన్నది తేల్చకుండా రచయిత కథ ముగిస్తాడు.

రాసిన నేర్పును మేము కాదనము. పుస్తకం పట్టుకుంటే అన్నం చల్లారిపోయేదాకా దించబుద్ధి కాదు. ఆ బిడ్డ తల్లి పడే వేదన చదివితే ఏ తల్లికైనా కళ్ళు చెమరుస్తాయి. అయితే ఆ నవల వచ్చిన రోజుల్లోనే రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని దాన్ని దుయ్యబట్టి ఒక పుస్తకమే రాశారు. ఆమె నమ్మకాలు వేరు, మన నమ్మకాలు వేరు. కానీ మూఢనమ్మకానికి సైన్సు చొక్కా తొడిగితే అది మరింత బలపడుతుందన్న భయం మాత్రం మాకూ ఉంది. “ఇదీ నిజం కావచ్చు, అదీ నిజం కావచ్చు” అన్న ముగింపు పట్నంలో మేడమీద కూర్చుని చదివేవారికి సరదాగా ఉంటుంది. మన ఊళ్ళలో అది సరదా కాదు.

ఎందుకంటే మన సీమలో వాన తప్పిన ఏడు, మనసు ఎవరి మీదో ఒకరి మీద నేరం మోపాలని చూస్తుంది. శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు ఎండిపోతుంది. మూడో బోరు కూడా దుమ్మే పోస్తుంది. ఎనుము ఈనక చస్తుంది. పసిబిడ్డకు ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఎవరో మెల్లగా “ఏదో చేసినారు” అంటారు. చేసిందెవరు అన్న వెదుకులాట ఎప్పుడూ ఊరి పెద్దమనిషి ఇంటికి వెళ్ళదు. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ గుడిసె దగ్గరికే వెళుతుంది. చేతబడి చేశారన్న అనుమానంతో తెలుగు పల్లెల్లో వృద్ధులను, దిక్కులేని స్త్రీలను కొట్టిన, చంపిన వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. ఇలాంటి దురాచారాలను అరికట్టడానికి మన పొరుగున ఉన్న కర్ణాటక 2017లో ప్రత్యేకంగా చట్టమే చేసుకోవలసి వచ్చింది. 

కథలో మాంత్రికుడు ఉండడమే తప్పని మేము అనడం లేదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో మొదలుపెట్టిన ‘తోకచుక్క’ను గుర్తు తెచ్చుకోండి. అందులో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులున్నారు. చిత్రా వేసిన ఆ బొమ్మలు చూసి మన తరం పిల్లలు దుప్పటి ముసుగేసుకున్నారు. కానీ ఆ మాంత్రికులు ఎక్కడో సముద్రాల అవతల ద్వీపంలో ఉంటారు. చదివిన ఏ పిల్లవాడూ మరునాడు పక్కింటి అవ్వను అనుమానంగా చూడలేదు. ‘తులసిదళం’లో ఆ కీడు మన వీధిలోకి, మన ఇంట్లోకి, మన మధ్య తిరిగే మనుషుల్లోకి వస్తుంది. తేడా అక్కడుంది. అందుచేత ఈ నవల పెద్దవాళ్ళు వివేచనతో చదవవచ్చు గాని, పిల్లల చేతికి ఊరికే ఇచ్చేది కాదని మా అభిప్రాయం. చదివిన పిల్లలుంటే వారితో కూర్చుని మాట్లాడండి. ఫిట్స్ వచ్చే బిడ్డను తీసుకెళ్ళవలసింది పెద్దాసుపత్రికేనని, తాయెత్తు కట్టేవాడి దగ్గరికి కాదని తేటగా చెప్పండి. ప్రార్థన చేయండి, మందూ వేయించండి. 

ఎంగిలి కూడా కానుకయ్యే గ్రహం

రెండవది ‘డ్యూన్’ అనే ఇంగ్లీషు నవల. ఫ్రాంక్ హెర్బర్ట్ అనే అమెరికా రచయిత రాశాడు. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు తిప్పి పంపితే, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడిన చిల్టన్ అనే సంస్థ 1965లో అచ్చు వేసింది. 2021లోను, 2024లోను సినిమాలుగా రావడంతో మన యౌవనస్థులకు మళ్ళీ దాని మీద దృష్టి పడింది.

అరాకిస్ అనే గ్రహమంతా ఇసుకే. అక్కడ వాన అన్నది లేదు. అక్కడి ఫ్రెమెన్ జనం ఒంటి చెమటను కూడా వడగట్టి మళ్ళీ తాగే ఉడుపులు ధరిస్తారు. చచ్చిపోయిన మనిషి ఒంట్లోని నీరు ఆ గుంపు ఉమ్మడి ఆస్తి. ఒక చోట వారి నాయకుడు దొరగారి బల్లమీద ఉమ్మివేస్తాడు. భటులు కత్తుల మీద చేయి వేస్తారు. అది అవమానం కాదు, తన ఒంట్లోని తడిని కానుకగా ఇచ్చాడని తెలిసినవాడు వివరిస్తాడు. మరొక చోట ఒక కుర్రవాడు చచ్చినవాడి కోసం ఏడిస్తే, చనిపోయినవాడికి నీళ్ళు ఇస్తున్నాడని జనం నిశ్చేష్టులవుతారు.

ఏటా పదడుగుల వాన కురిసే దేశంలో ఉన్నవారికి ఇది వింత కథ. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే అనంతపురం వారికి ఇది మన ఇంటి కథ. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి మేఘం మనదాకా వచ్చేసరికి ఖాళీ అవుతుంది. సముద్రం దూరం కనుక ఈశాన్య మేఘమూ అరకొరగానే చేరుతుంది. ట్యాంకరు దగ్గర బిందెలు వరుస పెట్టినవారికి ఆ ఫ్రెమెన్ జనం ఎవరో చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి ఉంది. 1950లలో అమెరికాలోని ఒరెగాన్ తీరంలో ఇసుక దిబ్బలు కదిలి రోడ్లను మింగుతుంటే, గడ్డి నాటి వాటిని ఆపే ప్రయత్నం జరిగింది. హెర్బర్ట్ దాని మీద వ్యాసం రాయబోయి, ఆ విషయంలో మునిగిపోయి చివరికి ఈ నవల రాశాడు. పుస్తకాన్ని మెట్ట నేలల పర్యావరణ శాస్త్రజ్ఞులకు అంకితమిచ్చాడు. మన జిల్లాలో వేదవతి ఒడ్డుకు వెళ్ళి చూడండి. మనం హగరి అని పిలిచే ఆ ఏటి ఇసుక గాలికి లేచి, బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో చేల మీద పరుచుకుని దిబ్బలు కట్టింది. దర్గా హొన్నూరు దగ్గర నిలబడితే ఎడారి నవల చదవనక్కరలేదు. ఫ్రెమెన్ జనం తమ మనుమల మనుమలు పచ్చదనం చూడాలని నేల కింద చుక్క చుక్క నీరు దాస్తారు. వాన పడిన రోజున చేను గట్టు వేసి ఆ నీటిని ఆపుకునే రైతు చేసేది కూడా అదే పని.

ఈ నవలలో విశ్వాసిని గుచ్చే భాగం ఒకటుంది. కొందరు అధికారం కోరేవారు, ముందు ముందు పనికివస్తాయని, అమాయక జనంలో రక్షకుడు వస్తాడన్న పుకార్లు ముందుగానే నాటిపెడతారు. కథానాయకుడు పౌల్ ఆ పుకారు మీద ఎక్కి నాయకుడవుతాడు. 1969లో వచ్చిన రెండవ భాగంలో అతని పేరిట జరిగిన యుద్ధాల్లో కోట్లకు కోట్ల జనం చస్తారు. ఇది మన విశ్వాసానికి వ్యతిరేకమైన పుస్తకమని కొందరు అంటారు. మాకలా అనిపించలేదు. అబద్ధ క్రీస్తులు వస్తారని మన ప్రభువే ముందుగా హెచ్చరించాడు. కరువులో ఉన్న జనం దగ్గరికి పెద్ద కారులో, పెద్ద మైకుతో, పెద్ద వాగ్దానంతో వచ్చేవాణ్ణి కొంచెం ఆగి చూడమని చెప్పే పుస్తకం మనకు శత్రువు కాదు. కాలేజీ చదివే పిల్లలు దీన్ని నిస్సంకోచంగా చదవవచ్చు.

కొబ్బరితోట నుంచి యంత్రపాలన దాకా

మూడవది కొత్త నవల. పేరు ‘ది ఇమ్మోర్టల్ కింగ్ రావు’. రాసినది వౌహినీ వారా. అమెరికాలో పత్రికా విలేఖరిగా కంప్యూటరు కంపెనీల వార్తలు రాసిన ఈమె తండ్రిది మన ఆంధ్రలోని దళిత కుటుంబం. నవల 2022లో వచ్చింది. 2023లో పులిట్జర్ బహుమతికి తుదిదాకా నిలిచిన పుస్తకాల్లో ఇదొకటి.

కింగ్ రావు ఆంధ్రలోని కొత్తపల్లిలో, కొబ్బరితోట ఉన్న దళిత కుటుంబంలో పుడతాడు. పుట్టగానే తల్లి పోతుంది. అమెరికా వెళ్ళి కంప్యూటరు కంపెనీ పెడతాడు, దానికి ‘కోకోనట్’ అని పేరు. కాలం గడిచాక దేశాలూ ప్రభుత్వాలూ పోయి లోకమంతా ఒకే కంపెనీ లాగా నడుస్తుంది. ఎవరికేమి దక్కాలో, ఎవరు దోషో ఒక యంత్రపు లెక్క నిర్ణయిస్తుంది. భూమి మాత్రం నానాటికీ కాగుతూ ఉంటుంది. ఇదంతా అతని కుమార్తె ఎథీనా జైలులో ఉండి చెబుతుంది. తండ్రి జ్ఞాపకాలన్నీ ఆమె తలలోకి ఎక్కించబడి ఉంటాయి.

మాకు నచ్చింది తోట భాగం. ఉమ్మడి కుటుంబం, దాయాదుల ఈర్ష్యలు, నేల మీద మమకారం. మన సంఘాలలో చాలా కుటుంబాలకు సెంటు నేల కోసం పడిన పాట్లు తెలుసు కనుక ఆ పేజీలు సొంత తాత చెప్పినట్టుంటాయి. రాబోయే కాలపు భాగం అక్కడక్కడ లెక్కల పుస్తకంలా సాగింది. పెద్దలకు మాత్రమే తగిన సన్నివేశాలున్నాయి కనుక చిన్న పిల్లలకు ఇవ్వవద్దు.

ఇక ఈ పుస్తకం ఎవరిని చూపి భయపెడుతోంది? దయ్యాన్ని కాదు, పక్కింటివాణ్ణీ కాదు. తీర్పు చెప్పే పనిని యంత్రానికి అప్పగించి నిద్రపోయే మన అలవాటునే చూపిస్తుంది. కలుపు తీసి తీసి వేళ్ళు అరిగి, వేలిముద్ర పడక, రేషన్ షాపు నుంచి ఉత్త సంచితో తిరిగివచ్చిన అవ్వను చూసినవారికి ఆ భయం కట్టుకథ అనిపించదు.

తలిదండ్రులకు

కాల్చేద్దామనేవారికి ఒక మాట. ఎఫెసులో పుస్తకాలు కాల్చారని అపొస్తలుల కార్యములలో ఉన్నది నిజమే. అయితే అవి మాంత్రిక విద్య నేర్పే పుస్తకాలు. తెచ్చి కాల్చినవారు ఆ విద్య చేసినవారే. ఎవరూ ఇంకొకరి సంచి వెదికి లాక్కోలేదు.

కథ చదివిన పిల్లవాణ్ణి తిట్టకండి. రాత్రి భోజనాల తరువాత ఆ కథ వాడి నోటనే చెప్పించుకుని వినండి. అందులో చెడ్డవాడెవరు, ఎందుకు చెడ్డవాడయ్యాడు అని అడగండి. వాడి జవాబులో మీ వీధిలోని మనిషి పేరు గాని, ఒక కులం పేరు గాని, ఒక ఒంటరి స్త్రీ పేరు గాని వస్తే ఆ పుస్తకం మీద జాగ్రత్త పడండి. దురాశ, అబద్ధం, అధికార దాహం అని వస్తే ఆ పుస్తకం తన పని తాను చేసింది. ఇంకొకటి తెచ్చి ఇవ్వండి.

పిల్లవాడు చదవని ఇంట్లో మీరైనా ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరిలో ఏ అవ్వ ఇంటి గడప తొక్కడానికి జనం జంకుతున్నారో ఆమె ఇంటికి మీ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి రండి.