తుపాకీకి లైసెన్సు సరే, మన వేలిముద్రకు లైసెన్సు ఏదీ?

2025 మే నెలలో అస్సాం మంత్రివర్గం ఒక నిర్ణయం చేసింది. మారుమూల, ప్రమాదం ఉందనుకునే ప్రాంతాల్లో బతికే మూలవాసులకు తుపాకీ లైసెన్సులు ఇస్తామంది. ఆత్మరక్షణ కోసమట. ఆ వార్త మన ఫోన్లలోకీ వచ్చింది. మన కుర్రాళ్లు కొందరు దాన్ని ఒకరికొకరు పంపుకుంటూ "మనకీ ఇట్లాంటిది కావాలి, అప్పుడు మన భూమి మీద ఎవడు చెయ్యి వేస్తాడో చూద్దాం" అన్నారు. సంతలో విన్నాం, హాస్టల్ వరండాలో విన్నాం, బస్సు కోసం చెట్టు కింద నిలబడ్డప్పుడూ విన్నాం.

ఆ కోపం ఎక్కణ్ణుంచి వస్తుందో మాకు తెలుసు. పోడు చేసుకున్న చేనులో మొక్కలు నాటిపోతుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లం మేము. అయినా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ కోరిక మనకు మేలు చెయ్యదు. ఎందుకు చెయ్యదో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. తుపాకీ గురించి ఇంత మాట్లాడేవాళ్లు అసలు పట్టించుకోని ఇంకో సంగతి కూడా ఉంది. అదీ చెప్తాం.

ముందు ఈ లైసెన్సు కథ చూద్దాం. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. ఈ దేశంలో పుట్టినవాడు ఆయుధం పట్టాలంటే లైసెన్సు కావాలి. తెల్లవాడికి అక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. అందులో అందరికీ ఒకటే రూలు అన్నారు గానీ మినహాయింపులు మిగిలాయి. కర్ణాటకలోని కొడగులో కొడవలకూ, జమ్మా భూమి ఉన్నవాళ్లకూ తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిష్ కాలం నాటి ఆ మినహాయింపును 2019లో మళ్లీ పదేళ్లు పొడిగించారు. అదే కొడగు అడవుల్లో బతికే యెరవల పేరుగానీ, జేను కురుబల పేరుగానీ అందులో లేదు. కొడవల మీద మాకు పగేమీ లేదు. తుపాకీ ఎవరి చేతిలో ఉండొచ్చో తేల్చేటప్పుడు సర్కారు ఎవరి అవసరం ఎంత అని చూడదు, తనకు ఎవరు నమ్మకస్తులు అని చూస్తుంది. మేము చెప్పేది అంతే.

ఇప్పుడు మామూలు మనిషి తుపాకీ కావాలని దరఖాస్తు పెడితే ఏం జరుగుతుంది? ఎందుకు కావాలో రాయాలి. పోలీసులు విచారించి రిపోర్టు ఇవ్వాలి. దాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు చూపాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. లైసెన్సుకు గడువు ఉంటుంది, గడువు తీరితే మళ్లీ అడగాలి. తప్పు చేస్తే రద్దు చేస్తారు. కాదంటే ఎందుకు కాదన్నారో అడిగి పైకి అప్పీలు వెళ్లొచ్చు. ఇవన్నీ మంచి నిబంధనలే. ప్రాణం తీసే వస్తువు మీద ఇంత కాపలా ఉండాల్సిందే. అమెరికాలో ఆయుధం దగ్గర ఉంచుకోవడం హక్కు అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అక్కడ బడి పిల్లలు బల్లల కింద దాక్కోవడం నేర్చుకుంటున్నారు. ఆ దారి మనకొద్దు.

అయితే ఈ నిబంధనలు ఎవరి మీద పనిచేస్తున్నాయి? మన పల్లెల్లో నాటు తుపాకీ ఉన్న ఇల్లు ఉంది. అడవి పంది చేనులో పడకుండా కాపలాకు, ఇటుకల పండుగ వేటకు తాతల నాటి నుంచి ఉంచుకున్నది. అది దొరికితే లైసెన్సు లేని ఆయుధం కింద కేసు. నేరం రుజువైతే రెండేళ్లకు తక్కువ కాకుండా జైలు. నాటు తుపాకులు అప్పగించడమే మేలని మేమే మన ఊళ్లలో చెప్తున్నాం. ఆ గొట్టాలు పేలి చేతులు పోగొట్టుకున్నవాళ్లు, చీకట్లో పంది అనుకుని మనిషిని కొట్టినవాళ్లు మనలో ఉన్నారు. కానీ అదే ప్రభుత్వం గోదావరికి అవతల ఏం చేసిందో గుర్తు చేసుకోవాలి.

2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మన అన్నదమ్ముల పిల్లలనే, కోయ, మురియ కుర్రాళ్లనే, స్పెషల్ పోలీసు ఆఫీసర్లని పేరు పెట్టి పనిలోకి తీసుకున్నారు. అయిదో తరగతి చదివినవాడికి మొదటి అవకాశం. రెండు నెలల శిక్షణ. చివరికి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. చేతికి తుపాకీ. ఎందుకు ఇచ్చారని అడిగితే ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పిన కారణాల్లో ఆత్మరక్షణ కూడా ఒకటి. ఆ మాట ఇప్పుడు అస్సాం నుంచి మళ్లీ వినబడుతోంది.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు ఇచ్చారు. చదువు సరిగా లేని ఆదివాసీ కుర్రాళ్లను ఇట్లా పోరులోకి దింపడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమన్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ ఏడాదే కొత్త చట్టం చేసి, సహాయక బలగం అని పేరు మార్చి, ఆ కుర్రాళ్లనే మళ్లీ తీసుకుంది.

ఈ కథ మనకు పరాయిది కాదు. కాలిన ఇళ్లు వదిలి ఆ జనం నడిచి వచ్చింది చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం వైపే. వాళ్లను గుత్తికోయలంటున్నాం. మన పొలాల్లో మిరపకాయ కోస్తున్నది వాళ్లే. చాలామందికి ఇప్పటికీ కుల ధ్రువపత్రం లేదు, పట్టా లేదు. వాళ్లనడగండి తుపాకీ ఊళ్లోకి వస్తే ఏమవుతుందో. ఒక చేతిలో సర్కారు తుపాకీ ఉన్నవాడు, ఇంకో చేతిలో దళం తుపాకీ ఉన్నవాడు, ఇద్దరూ ఒక గోత్రం వాళ్లే. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి రాత్రిపూట తీసుకుపోయి చంపింది మావోయిస్టులు. నక్సలైటు అని కాల్చింది పోలీసులు. రెండు వైపులా పాడె మోసింది మనమే.

"మరి కొమరం భీం తుపాకీ పట్టలేదా? రంప పితూరీలో మనవాళ్లు పట్టలేదా?" అని అడిగే తమ్ముడికి మా జవాబు ఇది. పట్టారు. అర్జీ పెడితే వినేవాడు లేని రాజ్యంలో పట్టారు. ప్రాణాలిచ్చారు, మనం తలెత్తుకుని చెప్పుకుంటాం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకున్నప్పుడు కూడా ఎన్ని తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి అల్లూరి సంతకం పెట్టాడని పెద్దలు చెప్తారు. తిరగబడ్డవాడే లెక్క చెప్పాడన్నమాట. ఆ తర్వాత మన చేతికి ఇంకో ఆయుధం వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఇంకా అడ్డం నిలబడ్డది 1970 ఒకటో నంబరు రెగ్యులేషన్. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద నడిచిన పోరాటంలో 1997లో సమత తీర్పు వచ్చింది. గిరిజనేతర కంపెనీలకు షెడ్యూల్డు ప్రాంతంలో గనులు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కోసం మనవాళ్లు ఒక్క గుండు కూడా పేల్చలేదు. కాగితం చదివి, కోర్టుకు వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగి సాధించారు.

ఇప్పుడు రెండో సంగతికి వద్దాం. మన దగ్గర తుపాకీ ఉందేమో అని ఇల్లు సోదా చేసే సర్కారు, మన గురించి ఏమేమి పోగేసి పెట్టుకుందో ఎవరైనా అడిగారా?

1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకల తల్లి కడుపున పుడితే చాలు, పుట్టుకతో దొంగ. తెగలో ప్రతి ఒక్కరి వేలిముద్రలు తీసుకునే అధికారం పోలీసులకు ఇచ్చారు. స్టూవర్టుపురం, సిద్ధాపురం, కావలి సెటిల్మెంట్లలో ఉంచి హాజరు పిలిచారు. ఊరు దాటాలంటే పాసు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, పాత నేరస్థుల చట్టాలని పేరు మార్చుకుని అదే అనుమానం కొనసాగింది. జైలు రూళ్లలో ఈ తెగలను పుట్టు నేరస్థులుగా చూడటం తప్పని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

ఈలోగా 2022లో నేర విచారణ గుర్తింపు చట్టం వచ్చింది. శిక్ష పడనక్కర్లేదు, అరెస్టయితే చాలు, వేలిముద్ర, కాలిముద్ర, కంటిపాప కొలత తీసుకోవచ్చు. 75 ఏళ్లు దాచుకోవచ్చు. నిర్దోషి అని తేలితే చెరిపేయాలని అందులోనే ఉంది. కానీ పై కోర్టుల దాకా అన్నీ తేలాకే. అడవిలో కట్టెలకు వెళ్లి కేసులో ఇరుక్కున్న మనవాడి కేసు తేలేదెప్పుడు?

పోలీసు సంగతి పక్కన పెట్టండి. బియ్యానికి వేలిముద్ర. ఉపాధి పనిలో మేస్త్రీ ఫోనులో ఫొటో. 2025 జూలై నుంచి అంగన్‌వాడీలో గర్భిణి ఇంటికి తీసుకుపోయే సరుకుకు ముఖం గుర్తింపు. సిగ్నల్ లేని గూడెంలో కడుపుతో ఉన్న తల్లి ఫోను ముందు కళ్లార్పుతూ నిలబడాలి. తోటలో పనిచేసి వేళ్లు అరిగిన ముసలమ్మకు మిషను "నువ్వు నువ్వు కాదు" అంటుంది.

"తప్పు చెయ్యనివాడికి భయమెందుకు, దాచుకోవడానికి ఏముంది?" అని చదువుకున్నవాళ్లే అంటారు. మన ఇంట్లో దేవుడి గది ఉంటుంది. అందులో దొంగసొత్తు దాచలేదు. అయినా పై మనిషిని లోపలికి రానివ్వం. గోప్యత అంటే ఇదే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు కలిసి పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. దాన్ని సర్కారు తాకాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు అన్నారు. ఆ తర్వాత 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో కేంద్రం తాను పేర్కొన్న ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచే తప్పించొచ్చని రాశారు. 1878లో తెల్లవాడికి మినహాయింపు, ఇప్పుడు సర్కారుకు మినహాయింపు.

అందుకే మేము అడిగేది ఇది. తుపాకీ కోసం వచ్చిన మనిషిని ప్రభుత్వం ఏ ప్రశ్నలు అడుగుతుందో, మన వేలిముద్ర కోసం వచ్చిన ప్రభుత్వాన్ని మనం ఆ ప్రశ్నలే అడగాలి. ఎందుకు కావాలి? ఎన్నాళ్లు ఉంచుకుంటావు? గడువు తీరాక మళ్లీ అడుగుతావా? నీ దగ్గర నుంచి ఇంకెవరి చేతికి పోతుంది? తప్పుగా వాడితే ఎవరు రద్దు చేస్తారు, మేము ఎవరికి అప్పీలు చెయ్యాలి? వీటికి జవాబు చెప్పేదాకా అది లైసెన్సు లేని ఆయుధమే.

ఇక తుపాకీ నియంత్రణ మొదట తుపాకులు పంచేవాళ్లకే వర్తించాలి. ఏ ప్రభుత్వమైనా, ఏ పార్టీ అయినా, ఏ దళమైనా, ఆదివాసీ కుర్రాడి చేతికి ఆయుధమిచ్చి ఇంకో ఆదివాసీ మీదికి పంపితే మేము ఒప్పుకోం. ఆత్మరక్షణ అన్నా ఒప్పుకోం. మమ్మల్ని రక్షించే పని పోలీసులది, కోర్టులది. ఆ పని చెయ్యలేక తుపాకీ చేతిలో పెట్టి పొమ్మనడం రక్షణ కాదు.

మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మాట. ఆధార్ లేదని పిల్లవాడికి బడిలో చోటు కాదనకూడదని 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి మీ గూడెంలో తల్లిదండ్రులకు చెప్పండి. పిల్లల ఫొటోలు, ముద్రలు అడిగిన ప్రతి కాగితాన్నీ ఒకసారి చదివి, ఏ ఉత్తర్వు ప్రకారమో అడగండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు గ్రామసభలో కూర్చోండి. పెసా చట్టం 1996 నుంచి ఉంది. సర్వే అని, యాప్ అని ఎవరొచ్చినా పై అయిదు ప్రశ్నలు సభలో అడిగి, జవాబును తీర్మానం పుస్తకంలో రాయించండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదని రాయించండి. కింద అందరూ సంతకాలు పెట్టండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. ఆ ముద్ర ఎందుకు వేస్తున్నారో వాళ్లకు తెలిసే ఉంటుంది.