మధ్యాహ్నం ఆటకు మర్యాద ఏదీ?

తెలుగు టీవీ చరిత్ర ఎవరు రాసినా సీరియళ్లకు ఒక అధ్యాయం ఉంటుంది, వార్తా చానళ్లకు ఇంకొకటి, పాటల పోటీలకు మరొకటి. మధ్యాహ్నం పూట ఆడవాళ్ల కోసం నడిచిన ఆటల కార్యక్రమాలకు మాత్రం ఒక పేరా కూడా దక్కదు. కొన్ని ఏళ్ల తరబడి నడిచాయి, ఎక్కువ భాగం నాలుగు నెలలకే కనబడకుండా పోయాయి. పోయినందుకు ఎవరూ నొచ్చుకోలేదు. ‘పనీపాటా లేనివాళ్లు చూసేవేగా’ అని తేల్చేశారు.

ఆ మాట దగ్గరే నాకు కడుపు మండుతుంది. తిరుపతి దగ్గర మా ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల్లో ఆడమనిషి తెల్లారకముందే లేచి పేడ తీసి, పాలు పితికి కేంద్రంలో పోసి, పిల్లలకు వండిపెట్టి, కలుపుకో కాయ కోతకో పోయి, ఎండ నెత్తికెక్కాక ఇంటికొస్తుంది. మళ్లీ సాయంత్రం పాలవేళ దాకా దొరికే ఆ కాసేపే ఆమెకు సొంతం. రోజంతా నడుం వాల్చని మనిషి కూర్చున్న ఆ కాస్త వేళను చూసి పనిలేనితనం అంటే ఎలా ఒప్పుకునేది?

ఆ వేళలో ఆ కార్యక్రమాలు ఆమెకు ఏమిచ్చాయో చెప్తాను. మధ్యాహ్నం టీవీలో మిగిలిన వాటిలో ఆడది ఏడవాలి, లేదా ఏడిపించాలి. ఒక్క ఆటల కార్యక్రమంలోనే నవ్వుతూ పోటీపడింది. అక్కడ ఆమెను ఫలానావాళ్ల కోడలు అనో, పిల్లల తల్లి అనో పిలవలేదు. సొంత పేరు అడిగారు, ఊరి పేరు అడిగారు. ఆ ఊరి పేరు రాష్ట్రమంతా వినబడింది.

నా చిన్నప్పుడు చూసినది ఒకటి చెప్పాలి. పెద్దమ్మ చాటలో చెనిక్కాయలు ఒలుస్తూ టీవీ ముందు కూర్చోనుంది. ఆటకొచ్చినామెది కాళాస్త్రి పక్క పల్లె. ‘మీరేం చేస్తుంటారు?’ అని యాంకర్ అడిగితే, ‘ఏమీ చేయనండీ, ఇంట్లోనే ఉంటా’ అనింది. ‘అయితే పొద్దున్నుంచీ ఏం చేశారో చెప్పండి’ అని యాంకర్ వదల్లేదు. ఆమె మొదలుపెట్టింది. పాలు, పాచిపని, పిల్లలు, పొలం, అత్తకు మందులు... చెప్తూ పోతే ఎంతకీ కాలేదు. స్టూడియోలో ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ‘చూడు మే, ఇన్నాళ్లూ అదంతా పని కాదనుకుంటిమి’ అనింది. ఆటలో ఆ కాళాస్త్రి ఆమె ఓడిపోయింది. మా ఇంట్లో మాత్రం ఆ మాట చాలాకాలం నిలబడింది.

ఇక అతిథుల సంగతి. పండక్కో, సినిమా విడుదలకో తారలు వచ్చేవాళ్లు. సినిమా వేడుకలో తార వేదిక మీద ఉంటే జనం కింద ఉంటారు. ఇక్కడ మాత్రం ఆట ఆడేది గృహిణి, వచ్చినవాళ్లు చుట్టాలు. నిమిషంలో గ్లాసులు పేర్చే పోటీలో తారకు చేతకానిది పల్లెటూరి ఆమెకు చేతనయితే గెలుపు ఆమెదే. ఆ కాసేపు తారకూ గృహిణికీ మధ్య ఎత్తుపల్లాలు లేవు.

‘బెలూన్లు పగలగొట్టడం కూడా ఒక కార్యక్రమమేనా, అంతా చీరల ప్రకటనలు కదా’ అంటారు. ప్రకటనలు లేని కార్యక్రమం ఏ వేళలో ఉంది? పెద్ద పేరున్న ఆటలనే చూడండి. 2014లో నాగార్జున, 2017లో చిరంజీవి మాటీవీలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ నడిపారు. 2021లో జెమినిలో ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ నడిపారు, రామ్ చరణ్, మహేశ్ బాబు లాంటివాళ్లు అతిథులుగా వచ్చారు. మంచి కార్యక్రమాలే, నేనూ చూశాను. కానీ ఆ కుర్చీలో కూర్చోవాలంటే చదువుండాలి, లోకజ్ఞానం ఉండాలి. మధ్యాహ్నం ఆట ఎవరినీ గుమ్మం దగ్గర ఆపి ఎంతవరకు చదివావని అడగలేదు. ఐదో తరగతి ఆపేసిన ఆమెకు కూడా గెలిచే దారి చూపింది.

మరి ఈ మధ్యాహ్నం ఆటలు ఎందుకు నిలవలేదు? జనం చూడక కాదు, చూసిన జనం లెక్కలోకి రాక. 2015లో బార్క్ అనే రేటింగుల సంస్థ రాకముందు టీవీ రేటింగులు టామ్ సంస్థ ఇచ్చేది. ఆ కొలత మీటర్లు ప్రధానంగా లక్ష జనాభా దాటిన పట్టణాల్లోనే ఉండేవి. పల్లెల లెక్క కలిసింది 2015 అక్టోబరు నుంచే. అంతకుముందు ఏర్పేడు లాంటి ఊళ్లలో ఎన్ని ఇళ్లలో టీవీ మోగినా రేటింగులో కనబడేది కాదు. రేటింగు లేకపోతే ప్రకటన రాదు, ప్రకటన రాకపోతే కార్యక్రమం ఉండదు. చూసినవాళ్లను లెక్కపెట్టకుండానే ఎవరూ చూడలేదని తీర్పు చెప్పారు.

తక్కువకాలం నడిచిందంటే తక్కువదని కాదు. అమెరికాలో 1983 జనవరి 3న ఎన్‌బీసీ చానల్ పగటిపూట ‘జస్ట్ మెన్’ అనే ఆట మొదలుపెట్టింది. యాంకర్ బెట్టీ వైట్. ఏడుగురు పేరున్న మగవాళ్లు అతిథులు, ఇద్దరు మామూలు ఆడవాళ్లు పోటీదారులు. ఒక ప్రశ్నకు ఆ మగవాళ్లలో ఎవరు అవునంటారో, ఎవరు కాదంటారో ఆడవాళ్లు ఊహించాలి. గెలిస్తే కారు తాళాలు చేతికొస్తాయి, సరైన తాళం తగిలితే కారు సొంతం. 13 వారాలకే, ఏప్రిల్ 1న, అది ఆగిపోయింది. అయినా ఆ ఏడు బెట్టీ వైట్‌కు ఉత్తమ గేమ్ షో హోస్ట్‌గా డేటైమ్ ఎమ్మీ ఇచ్చారు. ఆ అవార్డు అందుకున్న తొలి మహిళ ఆమే. అక్కడ పగటి కార్యక్రమాలకు 1974 నుంచే విడిగా అవార్డుల వేడుక ఉంది.

మన దగ్గర? ఈటీవీలో 2008లో మొదలైన ‘స్టార్ మహిళ’ను సుమ కనకాల పదేళ్లు దాటి నడిపించారు. పాలక్కాడ్ నుంచి వచ్చిన మలయాళీ ఆమె. తెలుగు గృహిణితో తెలుగు గృహిణిలాగే మాట్లాడుతూ, ఎవరినీ చిన్నబుచ్చకుండా రోజూ అంతమంది కొత్తవాళ్లను ఆడించడం సామాన్యమైన విద్య కాదు. సుమ పేరు అందరికీ తెలుసు, నిజమే. ఆ విద్యను విద్యగా గుర్తించి, కూర్చుని రాసినవాళ్లు ఎంతమంది? అంతటి కార్యక్రమానికే ఇంత చిన్నచూపయితే, నాలుగు నెలలు నడిచి పోయినవాటి గతి ఏమిటి?

పాత టేపులు దాచుకోకపోతే ఏమవుతుందో కూడా అమెరికానే చూపించింది. 1964 నుంచి 1975 దాకా ఎన్‌బీసీలో పగలు వచ్చిన ‘జెపర్డీ’ అనే ఆట 2,700 ఎపిసోడ్లు దాటింది. టేపులు చెరిపేశారు. మిగిలినవి చాలా కొద్ది. ఇప్పుడు ఎంత డబ్బు పోసినా తిరిగిరావు. మన టేపుల విషయంలో ఆ తప్పు జరగకుండా చూసుకునే వేళ ఇంకా దాటిపోలేదు.

అందుకే అడుగుతున్నాను. చానళ్లు తమ దగ్గరున్న పాత మధ్యాహ్నం ఎపిసోడ్లను తేదీతో, పోటీదారుల ఊళ్ల పేర్లతో బయటపెట్టాలి. రెండు నెలలు నడిచినదాన్ని కూడా వదలకూడదు. మాకు దగ్గర్లోనే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ జర్నలిజం చదివే ఆడపిల్లలు ఉన్నారు. ఏర్పేడు, శ్రీకాళహస్తి, వెంకటగిరి వైపు నుంచి ఆ ఆటలకు వెళ్లొచ్చిన ఆడవాళ్లను వెతికి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేయించాలి. వాళ్లకు వయసు మీద పడుతోంది. ప్రభుత్వాలు టీవీ అవార్డులు ఇచ్చేటప్పుడు పగటి కార్యక్రమాలకు ఒక విభాగం పెట్టాలి.

పదిమందిని ఏడిపించిన సీరియల్‌కు చరిత్రలో చోటుంది. పల్లెటూరి ఆడమనిషి చేత తన పేరు తనే మైకులో చెప్పించిన ఆటకు అంతకన్నా ముందే ఉండాల్సింది. ఆ చోటు దానికి ఇవ్వండి.