కీళ్ళవాతం: ఏ మందుకైనా ఒకే త్రాసు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాలలో పనిచేసే మన బిడ్డలకు చేతివేళ్ళే జీవనాధారం. ఉదయం లేవగానే ఆ వేళ్ళు బిగుసుకుపోయి గంట గడిచినా వదలకపోతే, రెండు చేతుల కణుపులూ ఒకే తీరున వాచితే, అది కేవలం అలసట కాకపోవచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే సొంత కీళ్ళపై దాడిచేసే దీర్ఘవ్యాధి ఇది. పురుషులలో కన్నా స్త్రీలలో ఎక్కువ.

వ్యాధి పేరు తెలియగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. రాయదుర్గం నుంచి మెట్రోలో వచ్చి అమీర్‌పేటలో రైలు మారితే ఒకవైపు పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, మరొకవైపు ఎర్రగడ్డలో బొల్లి చికిత్సకు పేరొందిన కేంద్ర ప్రభుత్వ యూనానీ పరిశోధన సంస్థ. "ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, యూనానీయే మన వైద్యం" అంటారు పెద్దలు.

యూనాన్ అంటే గ్రీసు దేశం. గ్రీకుల వైద్యవిద్యను ఇబ్నె సీనా వంటి ముస్లిం వైద్యులు నేర్చుకుని పెంపొందించారు. కనుక ఇది ఈమాన్‌కు సంబంధించిన ఎంపిక కాదు. ఏ మందు పనిచేస్తుందో, ఏది హాని చేస్తుందో తూచి చూడవలసిన విషయం.

ఈ వ్యాధికి వైద్యులు సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దీనిని వారానికి ఒక్కసారే తీసుకోవాలి; పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రక్తపరీక్షలు తరచుగా చేయించాలి. గర్భస్థ శిశువుకు హానికరం గనుక, సంతానం కోరుకునే స్త్రీ ముందుగానే వైద్యునికి చెప్పాలి. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ నిరీక్షణలోనే చాలామంది మందు మానేస్తారు. కాని ఒకసారి అరిగి వంకరపోయిన కీలు మళ్ళీ మామూలు కాదు.

ఆ సమయంలో ఎవరో పేరులేని పొట్లం ఇస్తారు. రెండు రోజుల్లో నొప్పి మాయం! సంతోషించే ముందు సందేహించాలి. ఇటువంటి పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన ఉదంతాలున్నాయి. అవి చక్కెర వ్యాధిని తెస్తాయి, ఎముకలను గుల్ల చేస్తాయి. చాలాకాలం వాడి హఠాత్తుగా మానినా ప్రమాదమే.

మేము యూనానీని కాదనడం లేదు. అర్హత గల హకీమును సంప్రదించండి. మందులో ఏమున్నదో అడగండి. అది ఆసుపత్రి వైద్యునికీ చెప్పండి. కలోంజీ, తేనె వాడుకున్నా అసలు మందును మీ అంతట మీరు ఆపకండి. సంబంధం తప్పిపోతుందన్న భయంతో ఆడపిల్ల వ్యాధిని దాచి, చికిత్సను ఆలస్యం చేయకండి.

హజ్రత్ సాద్ (రజి) అస్వస్థులైనప్పుడు దైవప్రవక్త (స) పరామర్శించి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమన్నారని అబూ దావూద్ హదీసు తెలుపుతోంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసేవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆ గ్రంథంలోనే ఉంది. తెలిసినవారిని ఆశ్రయించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మందు మన ప్రయత్నం, స్వస్థత అల్లాహ్ అనుగ్రహం. వ్యాధిగ్రస్తులందరికీ ఆయన షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.